ఒక సీసాలో ఇద్దరు మనుషులు

మందుల కౌంటర్ దగ్గర ఆ సోమవారం ప్రమోదినికి మాత్రలు ఇవ్వలేదు.

ఆమె ముందున్నవాళ్లందరికీ ఇచ్చారు. ఆమె వంతు వచ్చేసరికి కౌంటర్లో కూర్చునే గోవిందు కంప్యూటర్ వంక చూసి, ఆమె వంక చూసి, మళ్లీ కంప్యూటర్ వంక చూశాడు. మందస పక్కన కొబ్బరి తోటల మధ్య రెండు గదులు అద్దెకు తీసుకుని ఒక సంస్థ నడుపుతున్న కౌంటర్ అది. కిడ్నీ జబ్బు మీద పరిశోధన ఆ సంస్థ పని. పరీక్షలకు రక్తమూ మూత్రమూ ఇచ్చేవాళ్లకు మందులు ఉచితం. ఇవ్వనివాళ్లకు లేవు.

"అప్పా, నీ పేరు ఆపీసినారు," అన్నాడు గోవిందు. అటువైపు అక్కను అప్పా అంటారు.

"ఆపీడమేటి?"

"టెక్కలి ల్యాబు నుంచి ఒచ్చింది. పోయిన నెల నువ్విచ్చిన సీసా ఉన్నాది కదా..." గొంతు తగ్గించాడు. తగ్గించినా వెనక వరసకు వినపడకుండా ఉండేంత పెద్ద గది కాదది. "అందులో మగోడి ఉచ్చ కలిసిందట."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రమోదిని వీధిలోనే ఉండే బొడ్డమ్మ, అరవై దాటిన మనిషి, ఉండబట్టలేకపోయింది.

"నీ మొగుడు సెన్నైలో ఇటికలు మోత్తన్నాడు కదే. మరి మగోడెక్కడి నుంచి ఒచ్చినాడే?"

"నీ పెనిమిటేమో పిన్నీ. ఇంటికాడ ఉన్నాడో నేడో ఎల్లి సూసుకో," అంది ప్రమోదిని.

అందరూ మళ్లీ నవ్వారు. బొడ్డమ్మ కూడా నవ్వింది. ప్రమోదిని నవ్వలేదు. ఖాళీ సంచీ మడత పెట్టుకుని బయటికి వచ్చింది. ఇంట్లో ఉన్న మాత్రలు శనివారం దాకా వస్తాయి. అవి నొప్పికో జ్వరానికో వేసుకునేవి కావు. ఇంకొకరి కిడ్నీ తనది కాదని ఒళ్లు కనిపెట్టి తోసేయకుండా పొద్దునా సాయంత్రమూ ఒళ్లును మభ్యపెట్టే మాత్రలు. ఆగితే కిడ్నీ ఆగుతుంది.

ప్రమోదినికి ముప్పై ఎనిమిదేళ్లు. పదహారో ఏట పలాస జీడిపప్పు బట్టీలో చేరింది. మొదట జీడిపిక్కలు పగలగొట్టే పని. ఆ పిక్క నూనె వేళ్ల చర్మాన్ని తినేస్తుంది, వేలిముద్రలు చెరిగిపోతాయి. రేషన్ దుకాణంలో మిషను ఆమె వేలిని ఒప్పుకోక ఎన్నిసార్లు తిప్పి పంపిందో లెక్కలేదు. అందుకే యంత్రాలు తనను కాదనడం ఆమెకు కొత్త కాదు. తర్వాత పొట్టు తీసే పనికి మారింది. తిత్లీ తుపాను తోటల్ని పడుకోబెట్టిన ఏడాది కాళ్లు వాచాయి. అప్పటికే తండ్రి ఇదే జబ్బుతో పోయాడు, కాబట్టి ఏమిటని ఎవరూ అడగలేదు. పలాసలో డయాలసిస్. వారానికి మూడు రోజులు మిషను మీద, మిగతా రోజులు దాని నీరసం మీద. తల్లి పేరు చిన్నతల్లి. ఆమెకు షుగరు, కిడ్నీ పనికిరాదన్నారు. మొగుడి రక్తం కలవలేదు. తమ్ముడు సూర్యప్రకాష్‌ది కలిసింది.

సూర్యప్రకాష్ అప్పుడు కొబ్బరి చెట్లెక్కేవాడు. మందస నుంచి కవిటి దాకా తోటలవాళ్లు కబురు పెట్టి పిలిచే మనిషి. విశాఖలో ఆపరేషను జరిగింది. అక్క లేచి కూర్చుంది. తమ్ముడు చెట్లెక్కడం మానేసి నేల మీద కూర్చుని కాయలు వలిచే పనిలో పడ్డాడు.

ఊరికి మాత్రం ఇంట్లోవాళ్లు వేరే కథ చెప్పారు. కిడ్నీ ఎవరో చనిపోయినవాళ్లదన్నారు. తమ్ముడికి అదే సమయంలో రాళ్ల ఆపరేషను జరిగిందన్నారు. ఈ అబద్ధం ఎందుకో ఉద్దానంలో పుట్టినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఇక్కడ సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు ఇప్పుడు జాతకం కన్నా ముందు క్రియాటినిన్ ఎంతని అడుగుతారు. రక్తంలో ఆ అంకె పెరిగిందంటే కిడ్నీ దెబ్బతింటున్నట్టే. కిడ్నీలు పాడైపోయే గడ్డ మీద, ఉన్న రెండిట్లో ఒకటి ఇచ్చేసినవాడికి పిల్లనిచ్చేది ఎవరు? చిన్నతల్లి ఆస్పత్రి వరండాలోనే కూతురి చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. ప్రాణం పోసిన పనిని దొంగతనంలా దాచుకోవలసి వచ్చింది ఆ ఇంటికి.

ఇక ఆ సీసా సంగతి.

ఉద్దానంలో పరీక్షలకు కొదవ లేదు. నీళ్లు పట్టుకెళ్లారు. మట్టి పట్టుకెళ్లారు. బియ్యం, ఎండుచేపలు, గోళ్లు, రక్తం పట్టుకెళ్లారు. పట్టుకెళ్లినవాళ్లు తిరిగొచ్చి ఇదీ కారణమని చెప్పింది మాత్రం ఈ వీధికి తెలియదు. దాంతో జనానికి సీసాలంటే విసుగు పుట్టింది. సంస్థ తరఫున ఊళ్లో సీసాలు పోగుచేసే మనిషి రాజేంద్ర. రోజుకిన్ని సీసాలు పంపకపోతే పైవాళ్లు అతన్ని వదలరు. పోయిన ఏడాది జీడి పనుల రోజుల్లో అతను తొమ్మిదింటికి వీధిలోకి వస్తే ఇళ్లన్నిటికీ తాళాలే. అందరూ అయిదు గంటల బస్సుకే పలాస వెళ్లిపోయారు. గుమ్మంలో బొడ్డమ్మ ఒక్కతే ఉంది. ఎండలో నిలబడ్డాడు పాపమని ఆమె వీధి వీధంతటి సీసాలూ తనే నింపి ఇచ్చింది. రెండు చెంబుల నీళ్లు తాగి, నీడలో కూర్చుని, మధ్యాహ్నానికల్లా పూర్తి చేసింది. అందులో నాలుగు మగవాళ్ల పేర్ల మీదివి. ఒకటి అప్పటికే చనిపోయిన బంగారయ్యది. ఆ సీసాను బట్టి చూస్తే బంగారయ్య ఆరోగ్యం ముందుకన్నా మెరుగ్గా ఉంది.

సంస్థవాళ్లకు ఇది తెలిసింది. తెలిశాక ఏం చేయాలి? జనం ఎందుకు విసిగిపోయారని అడగాలి. వాళ్లు పనిలోంచి వచ్చే వేళకు రావాలి. అదేమీ చేయలేదు. ఒక కొత్త పరీక్ష పెట్టారు. సీసాలో రాలిన కణాలను అద్దం ముక్క మీద పరిచి, మెరిసే రంగు పట్టించి, కణంలోని లింగ క్రోమోజోములను చూసి, పేరు ఆడమనిషిదైతే సీసా ఆడమనిషిదేనా అని తేల్చే పరీక్ష. జబ్బు ఎందుకొస్తోందో కనిపెట్టడానికి పెట్టిన ల్యాబు, అబద్ధం ఎవరు చెబుతున్నారో కనిపెట్టే పనిలోకి దిగింది. పట్టుబడిన మొదటి మనిషి ప్రమోదిని.

మంగళవారం బట్టీకి వెళ్లకుండా ఆమె టెక్కలి బస్సెక్కింది. ల్యాబు మేడ మీద ఉంది. ప్రేమ్‌కుమార్ అనే అధికారి ఆమెను నిలబెట్టే మాట్లాడాడు. కేకలేయలేదు. మర్యాదగానే ఉన్నాడు. దొంగ దొరికాక ఉండే మర్యాద అది.

కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. నల్లటి తెర మీద నీలం ముద్దలు, వాటిలో చిన్న చిన్న చుక్కలు.

"చూడమ్మా. ఈ నీలం ముద్ద ఒక్కొక్కటీ ఒక్కో కణం మధ్యభాగం. ఆడవాళ్ల కణంలో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. మగవాళ్లకి ఒక ఎక్స్, ఒక వై. మేం వేసే రంగు వాటినే వెతుక్కుని అంటుకుంటుంది. ఎక్స్ నారింజ చుక్కలా మెరుస్తుంది, వై ఆకుపచ్చగా. ఇదిగో, ఇందులో రెండు నారింజ చుక్కలు. ఇది మీది. పక్కదాంట్లో ఒక నారింజ, ఒక ఆకుపచ్చ. ఇది మీది కాదు."

"మరి ఎవులిది?"

"అది మీరు చెప్పాలి."

"సీసా నానే నింపినాను బాబూ. మా దొడ్లో, తలుపేసుకుని. ఎవులిదీ కలపనేదు."

"రంగుకి మీ మీద పగ ఏముంటుందమ్మా? కలిపారు కాబట్టే కనిపిస్తోంది. కలిపినవాళ్లకి మందులు ఆపమని రూలు."

ప్రమోదిని తెర వంకే చూస్తూ నిలబడింది. ఆకుపచ్చ చుక్క చాలా చిన్నది. జీడిపప్పు మీద పురుగు కుట్టిన గాటు కన్నా చిన్నది. ఆ గాటున్న పప్పును తను తీసి పక్కన పడేస్తుంది. ఇక్కడ తననే తీసి పక్కన పడేశారు.

గది మూలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న భాను తిరిగింది. ఆ అద్దం ముక్క మీద రంగు వేసింది, లెక్కపెట్టింది ఆ అమ్మాయే. "సార్, ఒక్క మాట. రిపోర్టు పంపాక నాకూ అనుమానం వచ్చింది. ఆకుపచ్చ చుక్కలున్నవన్నీ చిన్న గుండ్రటి కణాలే. పెద్ద పలకల్లా ఉన్నవాటిలో ఒక్కదానికీ లేదు. ఇద్దరివి కలిపితే రెండు రకాల్లోనూ ఉండాలి కదా." ప్రమోదిని వైపు చూసింది. "అమ్మా, మీకు కిడ్నీ మార్చారా?"

"మార్చకపోతే ఆ మాత్రలెందుకమ్మా నాకు?"

భాను ప్రేమ్‌కుమార్ వంక చూసింది.

ఇందులో కనిపెట్టడానికి ఏముంది? ఆ మాత్రలు ఇచ్చేదే ఒంట్లో ఇంకొకరి కిడ్నీ ఉన్నవాళ్లకి. ఇచ్చేది ఈ సంస్థే. మూత్రం తయారయ్యేది ఆ కిడ్నీలో. ఆ కిడ్నీలోంచి రాలే చిన్న కణాలు ఇచ్చినవాళ్లవే అయి ఉంటాయి, మూత్రం బయటికొచ్చే దారిలో రాలే పెద్దవి ఆమెవి. ఏ నూతి నీళ్లు తాగుతావని అడిగారు. కల్లు తాగుతావా, పళ్లు దేంతో తోముతావు, అత్త ఏ ఊరిదని అడిగారు. కిడ్నీ ఎవరిచ్చారని ఒక్కరూ అడగలేదు. అడగకుండానే దొంగని రాశారు.

"నాకు అంకెలేసిన సీసాలే వస్తాయి. మనుషులు రారు," అంది భాను మెల్లగా. "కలిసిందని మాత్రమే రాశాను. మోసం అని నేను రాయలేదు."

"రాయకపోతే ఆపమ్మా మరి. ఊరంతా నా ఇంటికి ఏ మగోడొచ్చినాడో ఎతుకుతన్నారు."

ప్రేమ్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "సరే. కిడ్నీ ఎవరిచ్చారు? మగవాళ్లేనా?"

ప్రమోదిని నోరు తెరిచింది. తల్లి నెత్తి మీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. "ఎవులో సచ్చిపోయినోళ్లది," అంది.

"అలా నోటిమాట చాలదు. దాత పేరున్న ఆస్పత్రి కాగితం తెచ్చి మీ రాజేంద్రకివ్వండి. అతను చూసి సంతకం పెడితే మళ్లీ పరీక్ష చేయిస్తాం."

ఆస్పత్రి కాగితం ఇనప్పెట్టెలో చీరల కింద ఉంది. దాని మీద దాత పేరు సూర్యప్రకాష్ అని, వరస తమ్ముడని స్పష్టంగా ఉంది. ఆమె అది రాజేంద్రకు ఇవ్వలేదు. సూర్యప్రకాష్‌కు ఎన్నేళ్లో తిరిగాక ఒక సంబంధం కుదిరింది. పిల్ల పేరు ఝాన్సీలక్ష్మి, సోంపేట దగ్గర. పసుపు కొట్టే రోజు కూడా అనుకున్నారు. ఆ పిల్లకు రాజేంద్ర స్వయానా మేనమామ.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. సాయంత్రం మాత్ర మానేస్తే ఉన్నవి రెట్టింపు రోజులు వస్తాయి. పెళ్లి అయిపోయాక నిజం చెప్పొచ్చు. డాక్టరు మొదటి రోజే చెప్పాడు, ఒక్క పూట కూడా తప్పొద్దని. ఆ మాట ఆమెకు తెలుసు. తెలిసే మానేసింది.

వీధిలో ఆమె పేరు ఊరికే ఉండలేదు. కొళాయి దగ్గర మాటలు ఆగిపోయేవి. బట్టీలో పక్కన కూర్చునే ఆడవాళ్లు గుండు పప్పునూ బద్దనూ వేరుచేస్తూ ఆమె చీర వంక చూసేవారు. చెన్నై నుంచి మొగుడు ఫోను చేశాడు. అతనికి కిడ్నీ ఎవరిదో తెలుసు, అనుమానమేమీ లేదు. "నీ తమ్ముడిదని సెప్పీరాదా? నాకిక్కడ మేస్త్రీ కూడా నవ్వుతున్నాడు," అన్నాడు. "నవ్వనీ. పెళ్లయ్యాక నువ్వూ నవ్వుదువుగాని," అని ఫోను పెట్టేసింది.

ఆదివారం సూర్యప్రకాష్ కొబ్బరికాయలు పట్టుకుని వచ్చాడు. నీళ్లు తాగుతూ గూట్లోని మాత్రల అట్ట చూశాడు. శనివారంతో అయిపోవలసిన మాత్రలు వచ్చే గురువారానికి కూడా ఉన్నాయి. ఆ మాత్రల లెక్క అక్క కన్నా అతనికే బాగా తెలుసు.

"ఇవెందుకు మిగిలినాయి?"

"కొత్తవిచ్చినారు."

"కౌంటర్లో ఇవ్వనేదని ఊరంతా సెప్తన్నారు. నాకాడ ఎందుకు నాటకాలు? రాత్రిది మానీసినావేటి?"

ఆమె ఉల్లిపాయ తరుగుతూనే ఉంది.

"అప్పా, నిన్నే. అది నా కిడ్నీ. నువ్వు పాడుసేసుకోడానికి ఇవ్వనేదు."

"నీ పెళ్లవనీ. అంతవరకూ..."

"అంతవరకూ అది ఉంటదేటి? నాను సెట్టెక్కడం మానుకుంది దీనికా? ముసల్దాయి ఒట్టు ముసల్దాయికే ఇచ్చీ. లెగు."

ఆమె లేవలేదు. కాగితం ఎక్కడుంటుందో అతనికి తెలుసు. చీరలన్నీ మంచం మీద పడేసి తీసుకుని వెళ్లాడు. ఆమె తలుపు గడియ పెట్టి వెనకే పరుగెత్తింది.

రాజేంద్ర అరుగు మీద కూర్చుని ఖాళీ సీసాలకు కాగితాలు అంటిస్తున్నాడు. బొడ్డమ్మ స్తంభానికి ఆనుకుని కబుర్లు చెబుతోంది. సూర్యప్రకాష్ కాగితం ఇచ్చి, చదివేదాకా ఆగలేదు. చొక్కా ఎత్తి పక్కకు తిరిగాడు. నడుం పక్కన జానెడు మచ్చ.

"రాళ్లు కాదు మావా. కిడ్నీ ఇచ్చినాను. మా అప్ప సీసాలో ఉన్న మగోడు నానే."

రాజేంద్ర కాగితం రెండుసార్లు చదివాడు. "ఈ మాట సంబంధం నాడు సెప్పాలి కదరా. మా మేనకోడల్ని ఒక కిడ్నీవోడికి ఇచ్చీమన్నావా?"

"తప్పే. సెప్పాలి, సెప్పనేదు. ఒకటే ఉన్నాది, కానీ అది మంచిది. ఈ వీధిలో రెండున్నోళ్లలో ఎంతమందివి మంచివో నువ్వే సెప్పు. సీసాలన్నీ నువ్వే కదా మోత్తావు."

"నావి రెండూ సగం పోనాయి," అంది బొడ్డమ్మ, ఎవరూ అడక్కపోయినా. తర్వాత ప్రమోదిని వైపు తిరిగింది. "నీ తమ్ముడిదని ఆ రోజే అనకపోయావే. మేమంతా ఎవుడెవుడినో అనుకున్నాం."

"అనుకోడానికి మీకు సీసా ఒకటి దొరికింది పిన్నీ. పోయినేడు నువ్వు వీధంతటికీ నింపినావు, నిన్నెవులూ ఏటీ అననేదు. నాను నాది నింపినాను, నన్ను దొంగన్నారు, ఇంకోటన్నారు."

రాజేంద్ర కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టి, "పెళ్లి సంగతి నాకు తెలీదు. మా అక్క ఇంట్లో సెప్తాను," అన్నాడు. ఆ రోజు సాయంత్రమే ఝాన్సీలక్ష్మి సూర్యప్రకాష్‌కు ఫోను చేసింది. కిడ్నీ ఇచ్చినందుకు ఏమీ అనలేదు. అబద్ధం ఎందుకు చెప్పావని మాత్రం అడిగింది.

సంతకం చేరాక కూడా సంస్థ మాత్రలు ఇవ్వలేదు. ఫలితం వచ్చేదాకా ఆగాలి, అదీ రూలు. సూర్యప్రకాష్ విశాఖ వెళ్లి కొని తెచ్చేదాకా అక్క ఒంటిపూట మాత్ర మీదే ఉంది. భాను ఈసారి సీసాతో సరిపెట్టుకోలేదు. ఊరికి వచ్చి, తలుపు బయట నిలబడి సీసా తీసుకుంది. అక్క బుగ్గ లోపలా తమ్ముడి బుగ్గ లోపలా పుల్లకు చుట్టిన దూదితో రుద్ది కణాలు తీసుకుంది. అక్క బుగ్గలో అన్నీ రెండేసి నారింజ చుక్కలే. తమ్ముడి బుగ్గలో అన్నిట్లోనూ ఒక నారింజ, ఒక ఆకుపచ్చ. సీసాలో మళ్లీ రెండు రకాలూ ఉన్నాయి. రెండు వందల కణాలు లెక్కపెడితే నూట ఇరవై ఏడు ఆమెవి, డెబ్భై మూడు మగవి.

ప్రేమ్‌కుమార్ ఫోను చేశాడు. "మీ కేసు క్లియర్ అయిందమ్మా" అన్నాడు. క్షమించమన్న మాట ఎవరి నోటా రాలేదు. కౌంటర్లో పేరు మళ్లీ ఎక్కించారు. అందరి ముందు మగోడి ఉచ్చ అన్న గదిలో, అది మగోడి ఉచ్చ కాదని అందరి ముందు చెప్పమని ప్రమోదిని గోవిందును అడిగింది. అతను బుర్ర గోక్కుని, "అప్పా, ఇప్పుడెందుకులే, అందరికీ తెలిసిపోనాది కదా," అన్నాడు. ఆమె కదల్లేదు. వరస ఆగిపోయింది. వెనకున్నవాళ్లు సణిగారు. చివరికి గోవిందు లేచి నిలబడి చెప్పాడు. కిడ్నీ తమ్ముడిది కాబట్టి తమ్ముడి కణాలే వచ్చాయని, ఆమె తప్పేమీ లేదని. సరిగ్గానే చెప్పాడు. ఆమె మాత్రలు తీసుకుని బయటికి వచ్చింది.

ఆ వారమే విశాఖలో రక్తం పరీక్ష చేశారు. ఈ గొడవకు ముందు ప్రమోదిని క్రియాటినిన్ ఒకటి పాయింట్ రెండు. ఇప్పుడు ఒకటి పాయింట్ తొమ్మిది.